కోళ్లు చచ్చిపోయిన సంగతి డాక్టరుకు చెప్పారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది విజయవాడ సింగ్ నగర్. మా అత్తగారి ఊరు తెనాలి దగ్గర పల్లెటూరు. అక్కడ పెరట్లో పదిహేను దాకా నాటుకోళ్లు ఉండేవి. పోయిన నెలలో రెండు మూడు రోజుల తేడాలో సగం చచ్చిపోయాయి. మా ఆయన వెళ్లి ఉత్త చేతులతోనే వాటిని ఎత్తి, గుంట తవ్వి పూడ్చి వచ్చారు. ఐదారు రోజులకు జ్వరం, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు పట్టుకున్నాయి. మా వీధిలో ఆర్‌ఎంపీ గారు ఒక ఇంజెక్షన్ చేసి మాత్రలిచ్చారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అది బర్డ్ ఫ్లూ ఏమోనని నాకు అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నరసరావుపేట పాప సంగతి గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు. మాకు నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఇంట్లో చికెన్, గుడ్లు మానేశాను. మా ఆయన నవ్వుతున్నారు. అత్తగారికి కోపం వచ్చింది. మా మరిది పందెం కోళ్లు పెంచుతాడు, అతనికైతే ఇదంతా వేళాకోళం. మా ఆయనకు ఇప్పుడేమైనా పరీక్ష చేయించాలా? మేం చికెన్ తినొచ్చా, మానాలా? మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఒక సోదరి, విజయవాడ

సమాధానం:

అమ్మా, ముందు మీ ఆయన సంగతి. ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదు. ముక్కులోంచి, గొంతులోంచి స్వాబ్ తీసి చేసే పరీక్ష వైరస్ ఒంట్లో ఉన్న రోజుల్లోనే పనికొస్తుంది. జ్వరం తగ్గి ఇన్నాళ్లయ్యాక అక్కడ దొరికేదేమీ ఉండదు. నాలుగు రోజుల్లో తగ్గి, ఆయాసం లేకుండా మనిషి పనికి వెళ్తున్నారంటే ఆ గొడవ అంతటితో తీరినట్టే. అది మామూలు వైరల్ జ్వరమే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. కోళ్లు అలా వరసగా రాలిపోవడానికి కూడా బర్డ్ ఫ్లూ ఒక్కటే కారణం కాదు. కొక్కెర తెగులు తగిలినా పెరడు నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఆ సంగతి నాకన్నా మీ అత్తగారికే బాగా తెలిసి ఉంటుంది.

కానీ మీ ఉత్తరంలో నేను ఒక మాట కోసం వెతికాను, కనపడలేదు. ‘వారం కింద చచ్చిన కోళ్లను చేత్తో ఎత్తాను’ అని మీ ఆయన ఆ ఆర్‌ఎంపీ గారికి చెప్పారా? చెప్పి ఉండరు. ఆయనా అడిగి ఉండరు. మన దగ్గర జ్వరమంటే ఎన్ని రోజుల నుంచి, చలి వస్తోందా, వాంతులున్నాయా అని అడుగుతారు. మరీ అయితే డెంగీకి, టైఫాయిడ్‌కి రక్తం తీస్తారు. కోళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. ఈ జబ్బు ముదిరిపోయే దాకా బయటపడకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. మీరు చికెన్ మానేసి పడుతున్న జాగ్రత్తకన్నా, ఆ ఒక్క మాట మొదటి రోజే డాక్టరు చెవిన వేయడం వంద రెట్లు పనికొచ్చే జాగ్రత్త.

నరసరావుపేట విషయమే తీసుకుందాం, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. 2025 ఫిబ్రవరి ఆఖర్లో ఇంట్లో కోడి మాంసం కోస్తుంటే రెండేళ్ల పాప చిన్న పచ్చి ముక్క నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పారు. తర్వాత జ్వరం, ఆయాసం. మంగళగిరి ఎయిమ్స్‌లో చేర్చారు. మార్చి 16న పాప చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో పరీక్ష చేసి, బర్డ్ ఫ్లూ తెచ్చే వైరస్ హెచ్‌5ఎన్‌1 అని తేల్చారు. మన దేశంలో ఈ వైరస్‌తో మనిషి చనిపోయిన మొదటి కేసు 2021లో ఢిల్లీ ఎయిమ్స్‌లో నమోదైంది. హరియాణా నుంచి వచ్చిన బాబు అతను. మన వైపు జరిగింది అందరికీ గుర్తుండిపోయింది. అయితే ఆ వార్తలోనే ఉన్న ఇంకో విషయాన్ని జనం అంతగా పట్టించుకోలేదు. అదే మాంసాన్ని వండాక ఆ ఇంట్లో పెద్దవాళ్లందరూ తిన్నారు. వాళ్లకెవరికీ ఏమీ కాలేదు.

మీరు చికెన్ తినొచ్చా అన్నదానికి ఆ ఇంటి అనుభవమే జవాబు. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ చచ్చిపోతుంది. మన కోడికూర పొయ్యి మీద తుకతుక ఉడికేటప్పుడు వేడి అంతకన్నా చాలా పైనే ఉంటుంది. ప్రమాదం ఉన్నదల్లా కోసేచోట, కడిగేచోట, ఈకలు పీకేచోట. ఫ్రిజ్‌లో పెడితే, గడ్డ కట్టిస్తే మాత్రం వైరస్ చావదు సుమా, ఇంకా భద్రంగా ఉంటుంది. పసుపు, ఉప్పు, నిమ్మకాయ పట్టించినా చావదు.

మీ వంటింటిని ఒకసారి మనసులో ఊహించుకోండి. చికెన్ సెంటర్ నుంచి నల్ల కవర్‌లో తెచ్చిన మాంసం సింక్‌లో గిన్నెలోకి వంపుతారు. ట్యాప్ పూర్తిగా తిప్పి కడుగుతారు. ఆ తుంపర్లు పక్కనున్న కొత్తిమీర కట్ట మీద, బాబు నీళ్ల సీసా మీద పడతాయి. మధ్యలో ఫోన్ మోగితే తడి చేత్తోనే ఎత్తుతారు. బాబు వచ్చి కొంగు పట్టుకుంటే అదే చేత్తో తల నిమురుతారు. మాంసం కోసిన కత్తిపీట మీదే పైపైన నీళ్లు పోసి ఉల్లిపాయలు తరుగుతారు. చికెన్ కడగొద్దని నిపుణులు చెబుతారు గానీ మన ఇళ్లలో ఆ మాట ఎవరూ వినరని నాకు తెలుసు. కడిగే పనైతే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, చిమ్మకుండా ఒంపేయండి. ఆ అరగంట బాబును వంటింట్లోకి రానివ్వకండి. తర్వాత చేతులు, కత్తిపీట, సింక్ సబ్బుతో రుద్ది కడగండి. సబ్బుకు ఈ వైరస్ నిలవదు, దాని పైపొర కొవ్వుతో చేసింది కాబట్టి. గుడ్డయితే పచ్చసొన గట్టిపడే దాకా ఉడకనివ్వండి. హాఫ్ బాయిల్ మాత్రం బాబుకు వద్దు.

షాపుకు వెళ్లేటప్పుడు కూడా వాణ్ణి తీసుకెళ్లకండి. బతికున్న కోడిని తూకం వేసి, గొంతు కోసి డ్రమ్ములో పడేస్తే అది అందులో కొట్టుకుంటుంది. మూత పక్కనే నిలబడి లోపలికి తొంగి చూడటం పిల్లలకు సరదా. రక్తం, రెట్ట, ఈకల దుమ్ము అన్నీ గాల్లోకి లేచేది అక్కడే. చైనాలో 2013లో హెచ్‌7ఎన్‌9 అనే ఇంకో కోళ్ల వైరస్ మనుషులకు సోకడం మొదలైనప్పుడు, జబ్బుపడిన వాళ్లలో చాలామంది బతికున్న కోళ్లు అమ్మే మార్కెట్లకు వెళ్లివచ్చిన వాళ్లే. అక్కడ ఇంకో చిక్కు ఏమిటంటే ఆ కోళ్లకు జబ్బు లక్షణాలే లేవు, చక్కగా తిరుగుతుండేవి. ఐదారేళ్లలో 1,500 మందికి పైగా సోకింది, దాదాపు 600 మంది పోయారు. మార్కెట్లు మూయించాక కేసులు తగ్గాయి. 2017లో కోళ్లకే టీకాలు వేయడం మొదలుపెట్టాక దాదాపు ఆగిపోయాయి.

ఇంత భయంకరమైన జబ్బయితే ఊరంతా పాకాలి కదా, ఎందుకు పాకడం లేదు? మీ ఆయన నవ్వుకు కారణం బహుశా ఈ ప్రశ్నే. ఆయన నవ్వులో కొంత న్యాయం ఉంది. పక్షుల ఫ్లూ వైరస్ మన ఒంట్లోకి దూరాలంటే కణాల పైనున్న ఒక రకం చక్కెర అణువులకు అతుక్కోవాలి. పక్షుల పేగుల్లో, శ్వాసనాళాల్లో ఆ రకం దండిగా ఉంటుంది. మన ముక్కులో, గొంతులో ఉండేది ఎక్కువగా వేరే రకం. పక్షుల రకం మనకు ఊపిరితిత్తుల అడుగున, ఇంకా కంటి పొరలో ఉంటుంది. అందుకే ఈ వైరస్ మనిషికి తేలిగ్గా అంటుకోదు. అంటుకున్న మనిషి నుంచి పక్క మనిషికి దగ్గుతో పాకడమూ అరుదే. కానీ ఒకసారి లోపలికి దిగిందంటే మామూలు ఫ్లూ లాగా జలుబుతో మొదలై మెల్లగా కిందికి దిగడం ఉండదు, నేరుగా ఊపిరితిత్తుల్లోనే కాపురం పెడుతుంది. నాలుగైదు రోజులకే న్యుమోనియా, ఆక్సిజన్ పడిపోవడం, ఆ పైన వెంటిలేటర్. మన ఒంటి రక్షణ వ్యవస్థ కూడా హద్దు మీరి విరుచుకుపడి ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది. అరుదుగా రావడానికీ, వస్తే ప్రాణం మీదికి తేవడానికీ కారణం ఒక్కటే.

లెక్కలు కూడా ఆ మాటే చెబుతాయి. 1997లో హాంకాంగ్‌లో మొదటిసారి మనుషుల్లో హెచ్‌5ఎన్‌1 కనిపించినప్పుడు 18 మందికి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరిన కేసులు వెయ్యికి కాస్త అటూ ఇటూ. అందులో దాదాపు సగం మంది పోయారు. ఇన్ని వందల కోట్ల జనంలో ఇన్నేళ్లకు వెయ్యి అంటే ఎంత అరుదో చూడండి. సగం అన్న మాట చూసి హడలిపోనవసరం లేదు కూడా. ఆ లెక్కలోకి వచ్చేది ఎక్కువగా ఆసుపత్రి దాకా వెళ్లిన వాళ్లే. అమెరికాలో 2024 నుంచి ఈ వైరస్ పాడి ఆవులకు పాకింది. అక్కడ డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో పనిచేసే వాళ్లను వెతికి వెతికి పరీక్షలు చేస్తే డెబ్బై మంది దాకా తేలారు. చాలామందికి కళ్లు ఎర్రబడటం, కొద్దిపాటి జ్వరం తప్ప ఇంకేమీ లేదు. అలాగని తేలిగ్గా తీసుకుందామా అంటే, 2025 జనవరిలో అక్కడే లూసియానా రాష్ట్రంలో పెరటి కోళ్లు పెంచుకునే ఒక పెద్దవయసు మనిషి చనిపోయారు. (పాల గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. మనం పాలు పొంగించి కాచుకునే తాగుతాం. బెంగ లేదు.)

మళ్లీ ఇలాంటిది జరిగితే ఏం చేయాలో చెబుతాను. ఇది మీ ఆయనకు చదివి వినిపించండి.

చచ్చిన కోడిని, తూలుతున్న కోడిని ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. గ్లౌజులు లేకపోతే మందపాటి ప్లాస్టిక్ కవర్లు రెండు చేతులకూ తొడుక్కుని, ముక్కుకూ నోటికీ మాస్క్ కట్టుకుని ఎత్తాలి. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కాలువలో విసిరేయడం మన డెల్టాలో ఒక పాడు అలవాటు. ఆ నీళ్లలోనే కింది ఊళ్లో బాతులు ఈదుతాయి, గేదెలు తాగుతాయి. కుక్కలకు, పిల్లులకు వేయడం అంతకన్నా పాపం. పిల్లులు ఈ వైరస్‌కు ఇట్టే పోతాయి. నాగపూర్ దగ్గర జంతు రక్షణ కేంద్రంలో పులులే పోయాయి. ఆ బట్టలు విడిగా ఉతికి, స్నానం చేసి అప్పుడు ఇంట్లోకి రావాలి. చావబోతున్న కోడిని ‘పోతే పోయింది, కూరన్నా అవుతుంది’ అని గబగబా కోయడం మన పల్లెల్లో ఉన్నదే. అది మాత్రం చేయొద్దని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. అలాంటి కోడిని కోసి ఈకలు పీకడమే అన్నిటికన్నా చెడ్డది.

కోళ్లు ఒక్కసారిగా నాలుగైదు పోయినా, నెత్తి మీది ఎర్ర జుట్టు నీలంగా మారినా, తల వాచినా ఊళ్లో పశువైద్యశాలకు చెప్పాలి. 1962కి ఫోన్ చేసినా చాలు. చెబితే ఉన్న కోళ్లు కూడా పోతాయని భయపడి దాచేవాళ్లు ఎక్కువ. ఆ భయం అబద్ధమని అనను. బర్డ్ ఫ్లూ అని తేలితే చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపించాల్సిందే. కానీ పరిహారం వచ్చేది అలా అధికారులు చంపించిన కోళ్లకే, ముందే చచ్చినవాటికి రాదు. ఆలస్యం చేసిన కొద్దీ నష్టం పెంపకందారుడిదే. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో ఫారాల్లో వేలకు వేలు కోళ్లు పోతుంటే మొదట్లో ఎవరూ నోరు మెదపలేదు. బర్డ్ ఫ్లూ పరీక్షలు చేసే భోపాల్ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చాకే సంగతి తెలిసింది. అప్పుడు చికెన్ ధర నేల మీదికి వచ్చింది. జనం భయం పోగొట్టడానికి గుంటూరులో ఉచితంగా చికెన్ వండి పెడితే జనం ఎగబడ్డారు. నిన్నటి దాకా వణికిన వాళ్లే ప్లేటు పట్టుకుని క్యూలో నిలబడ్డారు. మన భయాలు ఎంత గట్టివో అక్కడే తెలిసిపోయింది.

ఇక జ్వరం విషయం. జబ్బు కోళ్లను ముట్టుకున్నాక సాధారణంగా రెండు నుంచి ఐదు రోజుల్లో, ఒక్కోసారి పది రోజుల దాకా లక్షణాలు కనిపించొచ్చు. ఆ పది రోజుల్లో జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం, విరేచనాలు ఏది వచ్చినా వీధి చివర ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోవద్దు. మాస్క్ పెట్టుకుని విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రికో, గుంటూరు జీజీహెచ్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లాలి. ఓపీ చీటీ దగ్గర నుంచే ‘పది రోజుల లోపు చచ్చిన కోళ్లను ముట్టుకున్నాను’ అని చెప్పాలి. డాక్టరు అడగకపోయినా చెప్పాలి, విసుక్కున్నా ఇంకోసారి చెప్పాలి. ఎందుకంటే ఆ మాట వింటేనే స్వాబ్ తీస్తారు, ఆ మాట వింటేనే రిపోర్టు కోసం ఆగకుండా ఒసెల్టామివిర్ మొదలుపెడతారు. టామీఫ్లూ అంటే మీకు తెలిసి ఉంటుంది, స్వైన్ ఫ్లూ రోజుల్లో ఊరూరా మోగిన పేరు. జ్వరం వచ్చిన 48 గంటల్లో మొదలుపెడితే దాని బలం ఎక్కువ. ఆలస్యమైనా సరే, జబ్బు తీవ్రంగా ఉంటే ఇస్తారు. జ్వరం రాకముందే, ముట్టుకుని రెండు రోజులు దాటకుండా వస్తే ముందుజాగ్రత్తగా కూడా ఇవ్వొచ్చు. అది డాక్టరు నిర్ణయించాలి గానీ, మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగే మందు కాదు.

ఆ ఇంజెక్షన్ సంగతి కూడా చెప్పాలి. అదేమిటో మీరు రాయలేదు. జ్వరం వచ్చినవాళ్లకు త్వరగా హుషారు రావడానికి డెక్సా లాంటి స్టెరాయిడ్ వేయడం మన దగ్గర చాలాచోట్ల అలవాటు. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైన వాళ్లను స్టెరాయిడే కాపాడింది కదా అంటారు. నిజమే. కానీ ఇన్‌ఫ్లుయెంజా దారి వేరు. తీవ్రమైన ఫ్లూలో వేరే కారణం లేకుండా స్టెరాయిడ్ ఇవ్వొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్టెరాయిడ్‌తో జ్వరం కప్పబడిపోతుంది, లోపల వైరస్ పెరుగుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ కూడా వైరస్‌ను ఏమీ చేయలేదు. కోవిడ్ నాడు కొన్న ఆక్సీమీటర్ ఏ అరలోనో ఉండే ఉంటుంది, బ్యాటరీలు మార్చి పెట్టుకోండి. 94 కంటే తగ్గినా, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయడమే.

మీ మరిది సంగతికి వస్తే, మీ ఇంటి మొత్తంలో నాకు కాస్త గాభరా కలిగించేది అతనే. పందెం కోడికి దెబ్బ తగిలినప్పుడు గాయం మీది రక్తం నోటితో పీల్చి ఉమ్మేయడం, ముక్కులో గళ్ల అడ్డుపడితే నోరు పెట్టి లాగేయడం ఈ పనిలో ఉన్నవాళ్లు కొందరు చేస్తారు. థాయ్‌లాండ్‌లో 2004లో పందెం కోళ్లు పెంచే కుర్రాడు ఒకడు ఈ జబ్బుతోనే పోయాడు. వేళాకోళం ఆడనివ్వండి, ఈ ఒక్కటి మాత్రం మానిపించండి. ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించుకోమనండి. అది బర్డ్ ఫ్లూను ఆపదు. కానీ మనుషుల ఫ్లూ, కోళ్ల ఫ్లూ ఒకే ఒంట్లో ఒకేసారి కలిసి, రెండూ తమ భాగాలు మార్చుకుని కొత్త వైరస్ పుట్టే వీలు తగ్గుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ అలాంటి కలయికతోనే పుట్టింది. పక్షుల, పందుల, మనుషుల ఫ్లూ వైరస్‌ల ముక్కలు కలిసి తయారైన కొత్త రకం అది.

అత్తగారితో గొడవ పెట్టుకోకండి. పెరటి కోళ్లు ఆవిడకు చేతి ఖర్చు, కాలక్షేపం. గూడు వంటింటి గుమ్మానికి దూరంగా జరిపించండి. కోత కోసిన చేలల్లోకి వచ్చే బాతుల మందలతో కోళ్లు కలవకుండా చూసుకోమనండి, బాతులు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఈ వైరస్‌ను మోస్తాయి. గూట్లో గుడ్లు తీసే పని బాబుకు అప్పగించొద్దని చెప్పండి, నానమ్మ ఊరికి వెళ్తే వాడు చేసే మొదటి పని అదే అయ్యుంటుంది. మిగిలిన కోళ్లు ఇప్పటి దాకా మామూలుగా మేస్తున్నాయంటే వాటి గుడ్లు మీరూ తెచ్చుకోవచ్చు, బాగా ఉడికించి వాడికి పెట్టొచ్చు. కొత్త కోళ్లు కొనేటప్పుడు మాత్రం వాటిని తెచ్చీ తేగానే పాతవాటిలో కలపకుండా రెండు వారాలు విడిగా గంప కింద ఉంచమనండి.